మెట్ట పొలములో పండ్ల చెట్టు: మూడు వేసవుల లెక్క

మన మెట్ట ప్రాంతములలో పండ్లతోట అనగానే రైతునకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది బోరుబావి. బోరులో నీరు పడినచో చీనీ, దానిమ్మ, మామిడి. పడనిచో వేరుశనగ, కంది, ఆముదము. ఈ రెంటికి నడుమ మరియొక దారి లేదన్నట్లు మాటలాడుట మనకు అలవాటైపోయినది. ఆ దారి ఉన్నదనియు, అయితే అది చాలమంది అనుకొనుచున్నంత తేలిక దారి కాదనియు ఈ వ్యాసములో మనవి చేయదలచితిని.

పాత అనంతపురం జిల్లానే తీసికొందము. 2022లో దీని నుండి శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడినది. ఇచ్చట సంవత్సరమునకు సగటున కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు సమముగా కురియదు. జూన్ నెలలో నాలుగు చినుకులు రాలి, జూలైలో మొగము చాటువేసి, సెప్టెంబరులో ఒక్కసారిగా వచ్చిపడును. ఇట్టి చోట చీనీ తోట వేసిన రైతు వాస్తవముగా చెట్టును పెంచుటలేదు, బోరును నమ్ముకొని బ్రతుకుచున్నాడు. తెలంగాణలో బత్తాయి అని పిలుచు ఈ చీనీ చెట్టు ఏడాది పొడుగున ఆకుతో నుండును. ప్రధానమైన పూత జనవరి, ఫిబ్రవరి నెలలలో వచ్చును. పిందె వేసవి అంతయు చెట్టుపై నిలిచి, కోతకు వచ్చుసరికి ఆగస్టు, సెప్టెంబరు అగును. అనగా బోరులో నీరు అడుగంటు మార్చి, ఏప్రిల్, మే నెలలలోనే చెట్టునకు నీటి అవసరము హెచ్చు. ఒక్క వేసవిలో బోరు ఎండినచో ఎనిమిది, పదేండ్లు పెంచిన చెట్టు కంటి యెదుటనే మాడిపోవును. దానిని కాపాడుకొనుటకు ట్యాంకర్లతో నీరు తోలించి, మరియొక బోరు వేయించి, అదియు పడక అప్పుల పాలైన కుటుంబములు మన గ్రామములలో ఎన్ని కలవో గ్రామోద్యోగులకు నేను చెప్పనక్కరలేదు.

దానిమ్మ సంగతియు ఇంతే. నూనెమచ్చ తెగులు అని రైతులు పిలుచు బాక్టీరియా తెగులు వచ్చిన తరువాత ఎన్నో తోటలను వేళ్ళతో పెరికివేయవలసి వచ్చినది. నీటి వసతి నిలకడగా నుండి, మందులకు పెట్టుబడి పెట్టగల రైతు ఈ పంటలు వేసికొనుటను నేను వలదనుట లేదు. నా మాట నాలుగెకరముల ఎర్రనేల, ఆకాశము తప్ప మరియొక ఆధారము లేని రైతును గూర్చి.

చెట్టు నిద్రించు కాలము

మెట్ట పొలమునకు చెట్టును ఎంచుకొనునప్పుడు దాని పండు ధర యెంత యని ముందుగా అడుగుచున్నాము. అడుగవలసిన మొదటి ప్రశ్న అది కాదు. ఈ చెట్టు ఎండకాలములో నిద్రించునా, మేలుకొని యుండునా అని అడుగవలెను.

రేగును చూడుడు. మార్చి దాటిన తరువాత ఆకు రాల్చుకొనును. ఏప్రిల్, మే నెలలలో మోడువలె నిలుచును. తొలకరి పడినంతనే చిగురించి, ఆ కొత్త కొమ్మలపైననే వానకాలము చివర పూచి, సంక్రాంతి నాటికి పండ్లనిచ్చును. భోగినాడు పిల్లల తలపై పోయు భోగిపండ్లు రేగుపండ్లే కావలెనని మన పెద్దలు ఎందుకు పెట్టినారో గాని, ఆ పండు ఆ దినములకు తప్పక దొరకుననుట నిజము. వాన కురిసిన కాలములో పెరిగి, నేలలో తేమ మిగిలియుండగనే కాపు ముగించి, ఎండలు ముదిరినప్పుడు ఆకు విడిచి ఊరకుండుట దాని స్వభావము. నీరు లేని కాలములో నీరడుగని చెట్టే నీరు లేని పొలమునకు తగిన చెట్టు.

సీతాఫలమును అట్టిదే. చలికాలము చివర ఆకు రాల్చి, ఎండలలో బోసిగా నిలిచి, చిగురుతో పాటు పూత పెట్టును. ఏప్రిల్, మే నెలలలో వచ్చిన తొలిపూత చాలవరకు రాలిపోవును. రైతులు దీనిని చూచి చెట్టునకు తెగులు వచ్చినదని మందు కొట్టుటకు పోవుదురు. అది తెగులు కాదు. సీతాఫలపు పువ్వులో ఆడభాగము ముందుగా పక్వమై, పుప్పొడి తరువాత రాలును. అందువలన ఒక పువ్వు పుప్పొడిని మరియొక పువ్వునకు చిన్న పెంకు పురుగులు మోసికొని పోవలెను. వడగాలిలో పువ్వు ఎండిపోవును, ఆ పురుగులును అంతగా తిరుగవు. వర్షములు పడి గాలిలో చెమ్మ చేరిన తరువాత వచ్చిన పూతయే పిందెగా నిలిచి, ఆగస్టు మొదలు నవంబరు వరకు కోతకు వచ్చును. కనుక వేసవిలో పూత రాలుచున్నదని నీరు తోలించుటకు గాని, మందులకు గాని డబ్బు పోగొట్టుకొనరాదు.

సీతమ్మవారి పేరు పెట్టుకొన్నంత మాత్రమున ఇది మన దేశపు చెట్టు కాదు. ఉష్ణమండలపు అమెరికా నుండి వచ్చినది. అయినను మన రాళ్ళగుట్టలలో ఎవరు నాటకనే పెరుగుచున్నది. పాలమూరు ప్రాంతపు బాలానగర్ పేరుతోనే ఒక మంచి రకము ప్రసిద్ధికెక్కినది. బెంగుళూరు సమీపమున హెసరఘట్టలో నున్న భారత ఉద్యాన పరిశోధన సంస్థ వారు విడుదల చేసిన అర్క సహన్ రకమునకు గింజలు తక్కువ, పండు పెద్దది, కోసిన తరువాత నిలువ గుణమును ఎక్కువ. కాని అందులో కాపు బాగుగా నిలువవలెనన్న చేతితో పుప్పొడి అద్దుట మంచిది. ఇంటి పెరటిలో పది చెట్లున్నవారికి అది సాధ్యము. మెట్ట పొలమునకు నేను ఇప్పటికిని బాలానగరునే సిఫారసు చేయుదును.

సీతాఫలమునకు మరియొక సుగుణము కలదు. దాని ఆకును మేక ముట్టదు. కంచె వేయలేని రైతునకు ఇది చిన్న లాభము కాదు. దీనికి వచ్చు ముఖ్యమైన బెడద పిండినల్లి. చీమలు దీనిని చెట్టు పైకి చేర్చి కాపాడుచుండును. కావున చెట్టు మొదలున అడుగెత్తున ప్లాస్టిక్ పట్టీ చుట్టి గ్రీజు పూయుట, వేసవిలో పాదు త్రవ్వి మట్టిని ఎండకు ఆరవేయుట చేసినచో చాలవరకు మందు అవసరము రాదు. గింజల పొడిని పేలకు మందుగా తలకు రాచుకొను అలవాటు కొన్నిచోట్ల కలదు. అది కంటిలో పడినచో కన్నునకే ప్రమాదము. ఆ అలవాటు మానుట మంచిది.

గట్టుమీది నాటురేగు

కొత్తగా మొక్క నాటనక్కరలేకయే పండ్లచెట్టు సంపాదించు మార్గమొకటి మన కండ్ల యెదుటనే కలదు. మన పొలము గట్లపైన, వంకల వెంబడి నాటురేగు చెట్లు ఎవరు నీరు పోయకనే బ్రతుకుచున్నవి. వాని వేరు అప్పటికే లోతునకు దిగి, ఎన్నో కరువులు చూచినది. దానిని కొట్టివేసి, ఆ పక్కనే గుంట త్రవ్వి, నర్సరీ నుండి సంచిలో పెరిగిన రేగు అంటును తెచ్చి నాటుట నాకు తెలివైన పనిగా తోచదు. సంచిలో చాల కాలముంచిన మొక్కకు తల్లివేరు వంకరపోయి చుట్టుకొనియుండును. నాటురేగు వేరును పోలిన వేరు దానికి ఎన్నటికి వచ్చును?

చేయవలసినది ఇంతే. మార్చి, ఏప్రిల్ నెలలలో చెట్టు ఆకు రాల్చియున్నప్పుడు నేల నుండి అడుగు, అడుగున్నర ఎత్తున రంపముతో నున్నగా కోయవలెను. నెల, రెండు నెలలలో మోడునుండి చిగుళ్ళు గుంపుగా వచ్చును. వానిలో బలమైన ఒకటి, రెంటిని నిలిపి మిగిలినవి తీసివేయవలెను. అవి పెన్సిలు లావునకు వచ్చునప్పటికి జూన్, జూలై అగును. అప్పుడు గోలా, ఉమ్రాన్ వంటి మంచి రకపు చెట్టునుండి కన్ను తెచ్చి అంటు కట్టవలెను. కన్ను పట్టి చిగురించిన పిమ్మట పైభాగము కోసివేయవలెను. కన్ను క్రింద నుండి వచ్చు ప్రతి చిగురును గిల్లివేయుచుండవలెను. ఈ చివరి పనిని మరచినందున మంచి అంటు మరల నాటురేగుగా మారిపోయిన చెట్లను పలుచోట్ల చూచితిని. రైతు మాత్రము "రకము మారిపోయినది, నర్సరీవాడు మోసము చేసినాడు" అనుచుండును. ఒక హెచ్చరిక: చెట్టుగా పెరుగు రేగునకే ఈ పని. తీగవలె ప్రాకు పరికి పొదలపై అంటు కట్టి శ్రమపడరాదు.

గోలా ముందుగా, ఉమ్రాన్ ఆలస్యముగా కాయును. రెండును కలిపి పెట్టుకొన్నచో పండు ఒక్కసారిగా సంతకు వచ్చిపడదు. రేగునకు ఏటేట కత్తిరింపు తప్పదు. పండు కొత్త కొమ్మపైననే కాయునుగదా. ఏప్రిల్, మే నెలలలో గడచిన ఏటి కొమ్మలను గట్టిగా కోసివేయవలెను. చెట్టును ప్రేమించి కోయనివానికి చిన్నచిన్న పండ్లు చిటారుకొమ్మన కాయును. పండు ఈగ సోకినచో రాలిన పండ్లను ఏరి లోతుగా పూడ్చుటయు, వేసవిలో చెట్టు క్రింద నేలను కదిలించుటయు మందుకంటె ముందు చేయవలసిన పనులు.

మిగిలిన చెట్లను గూర్చి క్లుప్తముగా చెప్పుదును. ఉసిరిక వేయువారు ఒకే రకము వేయరాదు. దానికి పరపరాగము కావలెను. ఎన్.ఏ. 7తో పాటు కృష్ణ, కాంచన్ వంటి మరియొక రకమును వరుసల మధ్య కలపవలెను. ఒకే రకపు తోట వేసి పూత విరగబూసినను కాయ లేదని వాపోవుట అనవసరపు కష్టము. చింత గింజ మొక్క కాపునకు వచ్చుటకు ఎనిమిది, పదేండ్లు పట్టును. పి.కె.యం. 1 వంటి అంటుమొక్క నాలుగైదేండ్లకే కాపు మొదలుపెట్టును. నేరేడును మాత్రము పొడి ఎర్రనేలలో పెట్టరాదు. దాని పండు ఎండల చివర, తొలకరి ముందర పెరుగును. వేసవి అంతయు మేలుకొని యుండు చెట్టది. దాని చోటు చెరువు దాపు, వాగు ఒడ్డు, లోతైన నేల. పట్టణములలో మధుమేహము కలవారు నేరేడును వెదకి కొనుచున్నారని విని గుట్టమీద నేరేడు నాటినవారు కలరు. ధర ఎక్కువని చెట్టు స్వభావము మారదు. వెలగ, మారేడు అడుగువారు తక్కువ గాని, అసలు ఏమియు పండని రాతినేలలో రెండు చెట్లుండుట తప్పుకాదు. కంచెకు వాక వేసికొన్నచో ముల్లునకు ముల్లు, పప్పులోనికి కాయ.

ఈ చెట్లన్నిటిని కలిపి పెట్టుమని చెప్పుటకు కారణమున్నది. 2025 వేసవిలో చిత్తూరు ప్రాంతపు తోతాపురి మామిడి రైతులకు ఏమి జరిగినదో అందరు చూచినారు. ధర పడిపోగా ప్రభుత్వము కిలోకు 4 రూపాయలు తాను చేర్చి ఇచ్చుటకు పూనుకొనవలసి వచ్చినది. ఒకే పండు, ఒకే నెల, ఒకే కొనుగోలుదారు అయినచో చెట్టు ఎంత గట్టిదైనను రైతు బలహీనుడే.

శ్రమ లేని చెట్టు అను మాట

"నాటి వదలిపెట్టిన చాలును, దానంతటదే పెరుగును." ఈ మాట ప్రచార సభలలో వినబడుచుండును. మా శాఖవారమే చెప్పుచుందుము. దీనిలో సగము నిజము. నాలుగవ ఏటినుండి రేగు, సీతాఫలము, చింత చెట్లకు నీరు పోయనక్కరలేదు. మందు ఖర్చు స్వల్పము. కాని ఆ నాలుగవ ఏటికి చేరుటకు ముందు మూడు వేసవులు కలవు. కొండమీద నెవరును నాటని సీతాఫలము బ్రతుకుచున్నదిగదా అని అడుగువారున్నారు. నిజమే, అక్కడ రాలిన గింజలలో వేయింటికి ఒకటి బ్రతికి యుండును. చచ్చినవానిని ఎవరు లెక్కించినారు? రైతునకు వేయి మొక్కలు నాటి ఒక్కటి బ్రతికించుకొను స్తోమత లేదు.

నీటి లెక్క చూతము. సీతాఫలమును 5 మీటర్ల ఎడముతో నాటినచో ఎకరమునకు సుమారు 160 మొక్కలు పట్టును. చలికాలపు తేమ ఆరిపోయిన జనవరి నడుమనుండి తొలకరి వరకు 20 వారములు. మొక్కకు వారమునకు 10 లీటర్ల చొప్పున పోసినను, వారమునకు 1,600 లీటర్లు, అనగా 200 లీటర్ల డ్రమ్ములు ఎనిమిది. 20 వారములకు మొత్తము 32,000 లీటర్లు. బండిమీద రెండు డ్రమ్ములు పెట్టుకొని పోవు రైతునకు వారమునకు నాలుగు సార్లు తిరుగుడు. మే మాసపు ఎండలో, ఊరిలో త్రాగునీటికే కొరతయున్నప్పుడు, ఎందరు చేయగలరు? మొదటి నెల చేయుదురు. రెండవ నెల తప్పుదురు. మూడవ నెలలో పెండ్లి యొకటి వచ్చిపడును, లేదా కూలికి వలసపోవుదురు. మొక్క అంతటితో సరి.

అదే రైతు 40 మొక్కలు మాత్రమే నాటినాడనుకొందము. వారమునకు 400 లీటర్లు, రెండు డ్రమ్ములు, ఒక్క తడవ బండి. ఇంటిల్లిపాదిలో ఎవరో ఒకరు ఒక పూటలో ముగించుకొనవచ్చును. మొక్క పక్కన చిన్న మట్టికుండ పాతిపెట్టి, అడుగున సన్న రంధ్రము చేసి పత్తి వత్తి దూర్చి, కుండ నింపి మూత పెట్టినచో అదే నీరు వారము పొడుగున వేరుకు అందును. పైన పోసిన నీటిలో సగము ఎండకే పోవును. పల్లమువైపు అర్ధచంద్రాకారముగా చిన్న కట్ట వేసినచో వానకాలములో పారు నీరు అక్కడే ఇంకును. రెండవ, మూడవ ఏట మరి నలుబది చొప్పున పెంచుకొని పోవచ్చును. మొదట నాటినవి నాలుగవ ఏట నీరడుగుట మానునప్పటికి తోటయు ఎకరము నిండును. వరుసల నడుమ ఉలవ, అలసంద, వేరుశనగ ఎప్పటివలె వేసికొనవచ్చును. కనుక పొలము బీడు పడదు.

నేనీ వ్యాసము వ్రాయుటకు ముఖ్య కారణము ఇదియే. మన పథకములన్నియు ఎకరమును కొలతగా పెట్టుకొన్నవి. ఎకరమునకు ఇన్ని మొక్కలు నాటినగాని రైతు అర్హుడు కాడు. నీటి స్తోమతను ఎవరును అడుగరు. 2006 ఫిబ్రవరిలో దేశమునంతటికి మొదటగా ఉపాధి హామీ పనులు ప్రారంభమైనది మన అనంతపురం జిల్లాలోని బండ్లపల్లిలోనే. ఆ పనుల క్రింద తరువాతి సంవత్సరములలో మెట్ట భూములలో పండ్లమొక్కలకు గుంటలు త్రవ్వించుటయు, నీరు పోయించుటయు జరిగినవి. వానివలన నిలిచిన మంచి తోటలు కలవు. ఆ తోటలు నిలిచినచోట కారణమేమని చూచినచో ఎల్లెడల ఒకటే కనబడును: మూడు వేసవులు నీరు పోసిన కూలి ఆలస్యము కాకుండ అందినది. ఆ కూలి ఆగినచోట గుంటలు మాత్రము మిగిలినవి.

నాటిన మొక్కల సంఖ్య జూలై, ఆగస్టు నెలలలో నివేదికలకెక్కును. ఆ సంఖ్య పెద్దదిగా నుండవలెనని పై అధికారులు కోరుదురు, క్రింది అధికారులు సమకూర్చుదురు. నేనును ఆ వరుసలోని వాడనే గావున ఎవరినో నిందించుటకు ఈ మాట చెప్పుటలేదు. నా సూచన చిన్నది. నాటిన సంఖ్యకు నివేదికలో ఒక గడి యున్నట్లే, మూడవ మే మాసమునాటికి బ్రతికియున్న సంఖ్యకును ఒక గడి యుండవలెను. గ్రామములోని ఉద్యాన సహాయకుడు ఆ దినమున పొలమునకు పోయి చెట్టు చెట్టును తాకి లెక్కించవలెను. మరుసటి ఏడు ఆ గ్రామమునకు ఎన్ని మొక్కలీయవలెనో ఆ రెండవ గడిని బట్టి నిర్ణయించవలెను. అప్పుడు 160 నాటి 12 బ్రతికించుకొన్న ఊరికంటె, 40 నాటి 35 నిలుపుకొన్న ఊరు ముందు వరుసకు వచ్చును. ఇందువలన మొదటి సంవత్సరము లక్ష్యములు తగ్గునని కొందరు మిత్రులు ఆక్షేపించినారు. తగ్గనిండు.

మేకలు, కౌలు, గట్లు

నీటి తరువాత మొక్కను చంపునది మేక. ఈ మాట అనగానే మేకలవారిపై జరిమానా వేయుడని కొందరు గ్రామపెద్దలు లేచెదరు. పంట కోసిన పిమ్మట పొలములలో మందలు తిరుగుట మన యూళ్ళలో తరతరాల మర్యాద. ఆ మంద ఎరువు కొరకు మనమే పిలిచి పొలములో నిలుపుకొనుచున్నాము. మేకలు కలవారును మన ఊరివారే, వారిలో చాలమందికి సెంటు భూమి లేదు. జరిమానాకంటె మంచి బేరమొకటి రేగుచెట్టే చూపుచున్నది. రేగాకు మేకకు మంచి మేత. నాలుగవ ఏటినుండి కత్తిరించిన రొట్ట మందకు ఇచ్చెదమని, మూడేండ్లు మొక్క జోలికి రావలదని ముందే మాటాడుకొనవలెను. ముళ్ళకొమ్మలు ఎండినపిమ్మట మరుసటి ఏటి మొక్కల చుట్టు కంపగా పనికివచ్చును. ఒక గ్రామములో ఇట్టి ఒప్పందము నడచుట నేను చూచితిని. అక్కడి వృద్ధుడైన కాపరి, "ముందు అడిగినారు కాబట్టి ఒప్పుకొంటిమి, పోలీసులను పిలిచియుంటే ఒక్క మొక్క మిగిలేది కాదు" అని నవ్వుచు చెప్పినారు.

కౌలు రైతు మాట వేరు. ఏడాది కౌలునకు భూమి దున్నువాడు పదేండ్ల చెట్టు ఎందుకు నాటును? నాటినను యజమాని ఒప్పుకొనడు, చెట్టు పాతుకొన్నచో మనిషియు పాతుకొనునని అతని భయము. ఇట్టి చోట్ల యజమానియే నాటి, నీరు పోసినందుకు కౌలుదారునకు కాపులో సగము ఇచ్చునట్లు పత్రము వ్రాసికొనుట మేలు. నోటిమాట చాలదు. మూడేండ్లు నీరు మోసినవాడు పండు వచ్చు ఏడే కౌలు పోగొట్టుకొనుట ఎంత అన్యాయమో వేరుగా చెప్పనేల? గ్రామోద్యోగులు ఈ విషయములో చొరవ చూపవలెను.

గట్టుమీద చింత నాటువారికి ఒక మాట. చింతనీడ పొరుగువాని చేనిలో పడును. పదేండ్ల తరువాత అన్నదమ్ముల వంటివారు ఆ నీడకై తగవు పడుదురు. ఒకసారి పెరిగిన చెట్టును కొట్టుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి కావలసివచ్చును. చింతను పొలము మూలలో, పొరుగు చేనికి దూరముగా, లేదా ఊరుమ్మడి నేలలో నాటుటయే మంచిది. సరిహద్దు గట్టునకు సీతాఫలము, వాక చాలును. వాని నీడ గట్టు దాటదు.

కోత, సంత

ఈ చెట్లకు పెంపకములో మిగిలిన శ్రమ కోతలో తిరిగివచ్చును. సీతాఫలము కన్నులు విచ్చుకొని, వాని నడుమ గీతలు పసుపు కలిసిన తెలుపునకు తిరిగినప్పుడు కోయవలెను. ముందు కోసినచో మాగదు, నల్లబడి గట్టిపడును. ఆలస్యమైనచో పక్షులపాలు. కోసిన రెండు మూడు దినములలో మెత్తబడును గావున రోజు విడిచి రోజు చెట్టు చెట్టును చూచి ఏరి కోయవలెను. ఒక్కసారి దులిపి గంపకెత్తు పండు కాదిది. చెట్టుమీదనే కాపు మొత్తమును వ్యాపారికి అమ్ముకొను రైతు ఈ శ్రమ తప్పించుకొనుచున్నాననుకొనును. వాస్తవములో ఆ శ్రమకు రావలసిన డబ్బునంతయు వదలుకొనుచున్నాడు. హైదరాబాదు, బెంగుళూరు రహదారిపై బాలానగర్, జడ్చర్ల దాపున సీజనులో ఆడవారు గంపలు పెట్టుకొని అమ్ముకొనుచుందురు. దారినపోవు కార్లు ఆగి కొనుచునే యుండును. మన రహదారుల వెంబడి గ్రామములలోను మహిళా సంఘములు పండును పెద్దవి, నడిమివి, చిన్నవి అని మూడుగా ఏరి అట్టపెట్టెలలో పెట్టి అమ్మవచ్చును. పగిలినవి, చిన్నవి గుజ్జు తీయువారికి పోవును. చింతపండునకు ఈ తొందర లేదు, గింజ తీసి ఆరబెట్టి దాచుకొని ధర చూచి అమ్మవచ్చును. అందుచేతనే ప్రతి తోటలో నాలుగు చింతలుండవలెనని నా అభిప్రాయము.

ఇక ఊరుమ్మడి చెట్ల మాట. చెరువు గట్లపైన, బాటల వెంబడి పంచాయతీ చింతచెట్ల కాపును ఏటేట వేలము వేయుట మనకు తెలిసినదే. పాడినవాడు కాయ దులుపుకొని పోవును. కొత్తగా నాటిన మొక్కకు నీరు పోయువాడు మాత్రము ఉండడు, ఎందుకనగా ఆ చెట్టు ఎవరిదియు కాదు. వేలము నియమములలో ఒకటి మార్చి చూడవచ్చును. బాట వెంబడి కొత్తగా నాటిన మొక్కలను పది చొప్పున భూమిలేని కుటుంబములకు అప్పగించి, మూడు వేసవులు బ్రతికించినవారికి ఆ చెట్ల కాపును తొలి పదేండ్లు వేలము లేకుండ వదలివేయునట్లు గ్రామసభలో తీర్మానము చేసికొనవలెను. పంచాయతీకి ఆదాయము తగ్గునను భయము అక్కరలేదు. నేడు ఆ మొక్కలు చచ్చుచున్నవి గావున వానివలన వచ్చుచున్న ఆదాయము సున్న. తీర్మానము వ్రాయునప్పుడు కుటుంబములో భార్య పేరును చేర్చుట మరువరాదు. కుండ మోయునది సాధారణముగా ఆమెయే.